శుక్లం ఆపరేషన్: ఇప్పుడా, ఇంకొన్నాళ్లు ఆగాలా?

"ఇంకా ముదరలేదు, ముదిరాక చేయిద్దాం" అనే మాట మన ఇళ్లలో ఇప్పటికీ చలామణీలో ఉంది. ఒకప్పుడు ఆ మాటలో న్యాయం ఉండేది. పెద్ద కోత పెట్టి, కంట్లోని కటకాన్ని (శుక్లం అంటే ఈ సహజమైన లెన్స్ మసకబారడమే) మొత్తంగా బయటికి తీసి, కుట్లు వేసి, సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చి పంపే రోజులవి. ఆ అద్దాల చూపు కంటే సగం మసక చూపే నయమనిపించేది. ఇప్పుడు కటకాన్ని కంట్లోనే ముక్కలు చేసి పీల్చేసి, అదే చోట కొత్త లెన్స్ పెడుతున్నారు. ఈ పద్ధతికి శుక్లం ముదరడం మేలు కాదు, చేటు. ముదిరేకొద్దీ కటకం గట్టిపడుతుంది. దాన్ని పగలగొట్టడానికి ఎక్కువ శక్తి వాడాలి, ఆ దెబ్బ నల్లగుడ్డు లోపలి వైపు అంటుకుని ఉండే పలుచని కణాల వరుస మీద పడుతుంది. ఆ కణాలు పోతే మళ్లీ పుట్టవు.

అలాగని రెండో కొసకు పోనక్కర్లేదు. "శుక్లం మొదలైంది, వచ్చే వారం చేసేద్దాం" అని తొందరపెట్టే చోట్లూ ఉన్నాయి. అరవై, డెబ్బై దాటిన వాళ్ల కళ్లలో ఎంతో కొంత శుక్లం ఉండటం మామూలే. తల నెరిసినట్టు కటకం కూడా నెరుస్తుంది. అది కనిపించినంత మాత్రాన తీయించుకోవాల్సిన పని లేదు. మీరు తేల్చుకోవాల్సినవి రెండే: ఆ శుక్లం మీ ఏ పనికి అడ్డొస్తోంది? ఆ మసకలో శుక్లం వాటా ఎంత, వేరే జబ్బు వాటా ఎంత?

ముందు ఇంట్లో చూసుకోండి, ఒక్కో కన్నూ విడిగా

రెండు కళ్లూ తెరిచి ఉంటే బాగున్న కన్ను రెండోదాని లోటును కప్పేస్తుంది. ఒక కంటి చూపు దాదాపు పోయిన సంగతి, బాగున్న కంట్లో ఏ నలుసో పడి నలుపుకున్న రోజున గానీ బయటపడదు. కాబట్టి ఒక కంటిని అరచేత్తో కప్పాలి (వేళ్లతో నొక్కితే తర్వాత కాసేపు ఆ కంటికీ మసకే). మామూలుగా వాడే కళ్లద్దాలు పెట్టుకునే ఉండాలి. ఒక వారం పాటు రోజూ చేసే పనుల్లో చూసుకోండి.

గోడ క్యాలెండర్లో తిథి, నక్షత్రం రాసే చిన్న గడి మంచి పరీక్ష. పగటిపూట కిటికీ పక్కన ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చదవండి. మందుల షీటు వెనక తేదీ, టీవీ కింద పరుగెత్తే అక్షరాలు, వచ్చే బస్సు బోర్డు, ఇన్సులిన్ సిరంజి మీద గీతలు, బియ్యంలో రాళ్లు, మెట్లు దిగేటప్పుడు ప్రతి మెట్టు అంచు, సాయంత్రం ఎదురొచ్చే బండి లైటు: వీటిలో మీ జీవితంలో ఉన్నవి చాలు. కారు నడపని మనిషికి హెడ్‌లైట్ల గొడవ అంత పెద్దది కాదు. ఇంజెక్షన్ తనే చేసుకునే మనిషికి ఆ సిరంజి గీతలే ప్రాణం.

చూసినవి ఒక కాగితం మీద మూడు వరుసలుగా రాయండి: మానేసిన పనులు, కష్టపడి చేస్తున్న పనులు, భయపడుతూ చేస్తున్న పనులు. మొదటి వరుసను ఇంట్లో ఇంకొకరితో రాయించడం మంచిది. శుక్లం ఏళ్ల తరబడి మెల్లగా కమ్ముకుంటుంది, అందుకే పెద్దవాళ్లు ఒక్కో పనినీ చడీచప్పుడు లేకుండా వదిలేస్తారు. పేపర్ చదవడం మానేసి "అందులో ఏముంది చదవడానికి" అంటారు. రాత్రి పెళ్లిళ్లకు రానంటారు. పిల్లలకు ఖర్చు, శ్రమ ఎందుకని "నాకు బాగానే కనిపిస్తోంది" అని కొట్టిపారేసేవాళ్లు కోకొల్లలు. కూరలో మాడిన పోపు, తప్పుగా వేసుకున్న మాత్ర, గడప తగిలి తూలడం, ఇవి వాళ్లు చెప్పని సంగతిని చెబుతాయి.

ఇబ్బంది తీరును బట్టి శుక్లం తీరు కొంత ఊహించవచ్చు. కటకం నడిమి భాగం గోధుమరంగుకు తిరిగితే దూరం మసకబారుతుంది గానీ, తమాషాగా, చత్వారం అద్దాలు లేకుండానే దగ్గర చదవగలుగుతారు. "అరవై ఐదేళ్లకు చూపు తిరిగొచ్చింది" అని మురిసిపోయేది ఇలాంటప్పుడే. అది కొన్నాళ్ల ముచ్చట. కటకం అంచుల నుంచి చువ్వల్లా తెల్లగీతలు వస్తే లైట్ల చుట్టూ వెలుగు చెదురుతుంది. కటకం వెనక పొర మీద వచ్చే శుక్లం మాత్రం పరిమాణంలో చిన్నదే అయినా బాధ ఎక్కువ. ఎండలోకి వస్తే కంటిపాప చిన్నదై ఆ మచ్చ సరిగ్గా నడిమధ్యన పడుతుంది, చదవడం కష్టమవుతుంది, నీడలో కాస్త నయం. షుగర్ ఉన్నవాళ్లలో, చాన్నాళ్లు స్టెరాయిడ్ మందులు వాడినవాళ్లలో ఇది ఎక్కువ, పెరగడం కూడా తొందరే. వీళ్లకు ఆసుపత్రి చీకటి గదిలో చార్టు బాగానే కనిపించి, "6/9 ఉంది, ఫర్వాలేదు" (మంచి కన్ను 9 మీటర్ల నుంచి చదివే వరుసను 6 మీటర్ల నుంచి చదవగలరని) అనిపించుకుని రావడం జరుగుతుంది. ఎండలో ఏమీ కనపడటం లేదన్న మాట నోరు తెరిచి చెప్పాలి.

మసకంతా శుక్లానిదేనా?

ఆపరేషన్ చక్కగా జరిగీ చూపు రాని కేసుల్లో చాలావాటికి కారణం ఇక్కడే ఉంటుంది. శుక్లం వెనక రెటీనా (కంటి లోపల బొమ్మ పడే వెనక పొర) జబ్బో, నీటికాసుల జబ్బో (గ్లకోమా, కంటి నరాన్ని దెబ్బతీసేది) ముందే ఉండి, ఆ సంగతి ఇంట్లోవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పకపోతే, తర్వాత నింద ఆపరేషన్ మీద పడుతుంది.

ఇంట్లో చేయగలిగిన చిన్న పరీక్ష ఒకటుంది. పోస్టుకార్డు మందం కాగితానికి గుండుసూదితో 1 మిల్లీమీటరు కంటే కాస్త పెద్ద రంధ్రం చేయండి. ఒక కన్ను మూసి, రెండో కంటికి ఆ రంధ్రాన్ని దగ్గరగా పెట్టుకుని, బాగా వెలుతురున్న చోట దూరంగా ఉన్న అక్షరాలు చూడండి. మామూలుగా కంటే రంధ్రంలోంచి స్పష్టంగా కనిపిస్తే మసకలో కొంత భాగం అద్దాల పవర్ మారడం వల్లే. అంటే ముందు కొత్త అద్దాలు ప్రయత్నించవచ్చు, ఏడాదో రెండేళ్లో వాటితో గడిచిపోవచ్చు. ఏమీ మారకపోతే, ఇంకా మసకైతే, అద్దాలతో తీరే పని కాకపోవచ్చు. ఇది దారి చూపే పరీక్షే తప్ప తీర్పు కాదు.

రెండోది కిటికీ చువ్వల పరీక్ష. ఒక్కో కంటితో విడిగా కిటికీ చువ్వలనో తలుపు అంచునో చూడండి. తిన్నని గీత వంకరగా, మధ్యలో విరిగినట్టు కనిపించినా, చూసే వస్తువు నడిమధ్యనే మచ్చ కమ్మినా అది శుక్లం పని కాదు. రెటీనా నడిమి భాగం దెబ్బతింటోందని అర్థం. ఆపరేషన్ మాట తర్వాత, ముందు రెటీనా డాక్టర్‌కు చూపించాలి. చూపు ఒక్కరోజులోనో వారంలోనో పడిపోయినా, మెరుపులు మెరిసినా, పక్క నుంచి తెర దిగినట్టున్నా అదే దారి, అదీ ఆ రోజే. శుక్లం అంత హడావిడిగా రాదు.

నీటికాసులకు ఇంటి పరీక్ష లేదు. నొప్పి లేకుండా పక్కచూపును కొరుక్కుతింటుంది, నడిమి చూపు ఆఖర్న పోతుంది. కంటి ఒత్తిడి కొలిచి, కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి కంటి నరాన్ని చూస్తేనే తెలుస్తుంది. చుక్కలు వేయకుండా, టార్చి కొట్టి చూసి ఆపరేషన్‌కు రాసేస్తే ఆ పరీక్ష సగమే జరిగినట్టు. తెలంగాణలో 2018, 2023లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి జరిగిన కంటివెలుగు శిబిరాల్లో "శుక్లం ఉంది" అని రాసిచ్చిన చీటీలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. ఆ చీటీ ఆసుపత్రికి వెళ్లమని చెప్పేది. ఆపరేషన్ నిర్ణయానికి ఇప్పటి పరీక్ష కావాలి.

ఎప్పుడు ఆగవచ్చు, ఎప్పుడు ఆగకూడదు

కొత్త అద్దాలతో మీ కాగితం మీది పనులన్నీ సాగిపోతుంటే ఆగండి. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చూపించుకుంటే చాలు. ఆగినంత మాత్రాన మామూలు శుక్లం కంటికి కోలుకోలేని హాని చేయదు. చూపు 6/12 దగ్గరుండి ఇంటి పట్టున హాయిగా ఉన్న ఎనభై ఏళ్ల మనిషికి తొందర లేదు. అదే 6/12తో రాత్రిళ్లు ఆటో నడిపే మనిషికి, జాకెట్లు కుట్టి బతికే మనిషికి ఆలస్యం చేయడమే తప్పు. చార్టు అంకె ఒక్కటే. బతుకులు వేరు.

కొందరి విషయంలో మాత్రం "ఇబ్బంది లేదుగా" అన్న మాట చెల్లదు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతింటున్నా, శుక్లం అడ్డుపడి డాక్టర్‌కు లోపల కనిపించకపోతే తీయాల్సిందే, లేకుంటే ఆ జబ్బుకు వైద్యం ఆగిపోతుంది. కటకం ఉబ్బి కంటిపాప చుట్టూ ఉన్న పొరను ముందుకు నెట్టే కళ్లలోనూ ఆగకూడదు. కంట్లో నీరు బయటికి పోయే దారి మూసుకుపోతే ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. కన్ను ఎర్రబడి, అదే పక్క తలనొప్పి, వాంతులు, లైటు చుట్టూ రంగుల వలయాలు వస్తాయి. దాన్ని పైత్యమనో పార్శ్వనొప్పి అనో మాత్ర వేసి పడుకోబెడితే ఆ రాత్రిలోనే కంటి నరం దెబ్బతినవచ్చు. మరీ ముదిరి తెల్లగా మారిన శుక్లం కరిగి కారినా ఇలాంటి ఉపద్రవమే. నరం పోతే ఆ తర్వాత ఎంత గొప్ప ఆపరేషన్ చేసినా చూపు రాదు. పూర్తిగా తెల్లబడిన శుక్లం ఉన్న కంటి ముందు చీకట్లో టార్చి పెడితే, వెలుగు ఏ పక్క నుంచి వస్తోందో మనిషి చెప్పగలగాలి. చెప్పలేకపోతే వెనక ఏదో పాడైందని అనుమానించాలి.

ఆపరేషన్‌ను కొన్నాళ్లు వాయిదా వేయాల్సినవీ ఉన్నాయి: అదుపులో లేని షుగర్, బీపీ, రెప్పల అంచున పుసి, పొక్కులు, దగ్గు, పడిశం, అన్నిటికంటే ముఖ్యంగా కంటి మూల నొక్కితే చీము వచ్చే కన్నీటి తిత్తి ఇన్ఫెక్షన్. ఈ చివరిది తెలియకుండా ఆపరేషన్ చేస్తే ఆ చీము నేరుగా కంట్లోకి పోయే ప్రమాదముంది. కన్నీటి దారిలోకి సన్నని గొట్టంతో నీళ్లు ఎక్కించి గొంతులోకి వస్తున్నాయా అని అడిగేది దీనికోసమే.

చలికాలమే మంచిది, వేసవిలో చేయిస్తే కన్ను పాడవుతుంది అనేదానికి ఆధారం లేదు. ఏ నెలైనా ఒకటే. మూఢం వెళ్లాక చేయించుకుంటామంటే మామూలు శుక్లానికి నష్టం లేదు, ఉబ్బిన శుక్లానికి ఉంది. ఇక చుక్కల మందుతో శుక్లం కరిగిస్తామనే ప్రకటనల సంగతి: అలా కరిగించే మందు ఏదీ ఇంతవరకు లేదు. నందివర్ధనం పూలు మూసిన కళ్ల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, అంతవరకే. ఆ పూల రసమో, తేనో, చనుబాలో కంట్లో పిండితే నల్లగుడ్డు మీద పుండు పడి, శుక్లం కంటే పెద్ద సమస్య అయి కూర్చుంటుంది.

డాక్టర్‌కు మీరు చెప్పాల్సినవి

వాడే మందులన్నీ సంచీలో వేసుకుని వెళ్లండి. మగవాళ్లు ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వాడుతున్నా, ఎప్పుడో వాడి మానేసినా చెప్పి తీరాలి. ఆ మందు కంటిపాప చుట్టూ ఉన్న పొరను వదులు చేస్తుంది. ఆపరేషన్ మధ్యలో కంటిపాప కుంచించుకుపోయి ఆ పొర గాలికి గుడ్డలా ఊగుతుంది. ముందే తెలిస్తే సర్జన్ తగిన సరంజామాతో దిగుతారు. మూత్రం సమస్యకూ కంటికీ సంబంధమేముందని ఎవరూ చెప్పరు, అదే ఇబ్బంది. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే సొంతంగా ఆపొద్దు. చుక్కల మత్తుతో చేసేటప్పుడు ఆపాల్సిన అవసరం సాధారణంగా రాదు, ఆపితే గుండెకు ముప్పు రావచ్చు.

వెల్లకిలా, కదలకుండా అరగంట పడుకోగలరా అన్నది ఇంకో సంగతి. ఆయాసం, గూని, ఆగని దగ్గు, చేతుల వణుకు, చెవుడు, మతిమరుపు ఉంటే ముందే చెప్పాలి. ఇంట్లో ఒకే దిండుతో అరగంట పడుకోబెట్టి చూస్తే తెలిసిపోతుంది.

డాక్టర్‌ను అడగాల్సినవి ఇవి: నా మసకలో శుక్లం వాటా ఎంత, తీశాక ఎంతవరకు కనిపించవచ్చు? ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది? ఏ పద్ధతి, ఎందుకు? లెన్స్ నాకు దూరానికి పెడుతున్నారా, దగ్గరకు పెడుతున్నారా? చివరి ప్రశ్న అడిగేవాళ్లు దాదాపు ఉండరు. నిజానికి ఆపరేషన్ తర్వాత రోజువారీ సుఖం దానిమీదే ఎక్కువ ఆధారపడుతుంది.

లెన్స్ ఎంపిక

కంట్లో పెట్టే మామూలు లెన్స్ ఒకే దూరానికి స్పష్టత ఇస్తుంది. చెప్పకపోతే ఎక్కువమందికి దూరానికే పెడతారు. టీవీ, రోడ్డు, మనుషుల మొహాలు అద్దాల్లేకుండా కనిపిస్తాయి, చదవడానికి అద్దాలు కావాలి. చాలామందికి అది బాగానే నప్పుతుంది. కానీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మైనస్ 3 ఉండి, అద్దాలు తీసి పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివే మనిషిని తీసుకోండి. దూరానికి లెన్స్ పెడితే ఆయన జీవితంలో మొదటిసారి అద్దాల్లేకుండా ఒక్క అక్షరం చదవలేడు. ఆపరేషన్ పాడైందనే అనుకుంటాడు. ఇలాంటివాళ్లకు, రోజంతా కుట్టుపనో పారాయణమో చేసేవాళ్లకు, లెన్స్‌ను మైనస్ 2.5 దగ్గర ఆపేలా లెక్కవేయవచ్చు. అప్పుడు 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది అద్దాలు లేకుండా కనిపిస్తుంది, రోడ్డు మీదికి అద్దాలు పెట్టుకుంటారు. ఒక కంటిని దూరానికి, రెండోదాన్ని మైనస్ 1 నుంచి 1.5 మధ్య ఆపే మధ్యేమార్గమూ ఉంది. దీనికి లెన్స్ ధర పెరగదు, లెక్క మారుతుందంతే.

ఆ లెక్కకు రెండు కొలతలు మూలం: కంటి పొడవు, నల్లగుడ్డు వంపు. పొడవులో 1 మిల్లీమీటరు తప్పితే పవర్‌లో సుమారు 2.5 నుంచి 3 వరకు తేడా వస్తుంది. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు కొలతకు ముందు ఎన్నాళ్లు ఆపాలో అడగాలి. మెత్తని లెన్సులకు వారం, రెండు వారాలు, గట్టివాటికి ఇంకా ఎక్కువ. కళ్లు పొడిబారి ఉంటే ముందు దానికి చుక్కలు వాడాక కొలవాలి. చూపు సరిచేయడానికి యవ్వనంలో లేజర్ చేయించుకుని ఉంటే తప్పక చెప్పాలి, అలాంటి కళ్లకు మామూలు లెక్క పనికిరాదు.

సిలిండర్ పవర్ (నల్లగుడ్డు వంపు అన్ని దిశల్లో ఒకేలా లేకపోవడం వల్ల వచ్చేది) ఎక్కువ ఉన్నవాళ్లకు, దాన్ని కూడా సరిచేసే టోరిక్ లెన్స్ నిజంగానే ఉపయోగం. మల్టీఫోకల్, ట్రైఫోకల్ లెన్సుల విషయంలో కాస్త నిదానించాలి. అవి వెలుగును దూరానికీ దగ్గరకూ పంచుతాయి. అద్దాల అవసరం బాగా తగ్గుతుంది, నిజమే. బదులుగా రాత్రి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, సందెవెలుగులో స్పష్టత కొంత తగ్గుతుంది. రాత్రి బండి నడిపేవాళ్లకు, రెటీనా జబ్బు, నీటికాసులు ఉన్నవాళ్లకు అవి వద్దనే మా మాట. ధర ఎక్కువ కాబట్టి చూపు మెరుగనుకోవడం పొరపాటు. "ఇంపోర్టెడ్" అన్న మాటకూ మరీ పడిపోనక్కర్లేదు. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి 1992లో మొదలుపెట్టిన ఆరోల్యాబ్ లెన్సులు ఎన్నో దేశాలకు వెళుతున్నాయి.

ఆపరేషన్ పద్ధతుల మీద ఇంత చర్చ అవసరం లేదు. ఫేకోలో కోత 2.2 నుంచి 2.8 మిల్లీమీటర్లు, శబ్ద తరంగాలతో కటకాన్ని ముక్కలు చేస్తారు. జనం దీన్నే "లేజర్" అంటారు, అది లేజర్ కాదు. అసలు లేజర్ వాడే పద్ధతిలో కోతలు, మొదటి ముక్కలు లేజర్ చేస్తుంది. తర్వాత పని మళ్లీ ఫేకోదే, ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, బిల్లులో ఉంది. కటకం గట్టి భాగాన్ని ముక్కలు చేయకుండా చేత్తోనే బయటికి తీసే ఎస్‌ఐసీఎస్ పద్ధతిలో కోత 6 నుంచి 7 మిల్లీమీటర్లు, కుట్టు ఉండదు. బాగా గట్టిపడ్డ శుక్లానికి చేయితిరిగిన సర్జన్ చేతిలో ఇదే మేలు కావచ్చు. కొంచెం ఎక్కువ సిలిండర్ పవర్ మిగలవచ్చు, అద్దాలతో సరిపోతుంది.

ఖర్చు

పరీక్షలు, లెన్స్, ఆపరేషన్, చుక్కలు, తర్వాతి విజిట్లు అన్నీ కలిపిన మొత్తం ఒకే అంకెగా రాయించుకోండి. చాలా ఆరోగ్య పాలసీల్లో శుక్లానికి రెండేళ్ల నిరీక్షణ గడువు, కంటికింత అనే పరిమితి ఉంటాయి. ఆరోగ్య సంజీవని పాలసీలో అయితే ఒక్కో కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా 40,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. మల్టీఫోకల్ లెన్స్ తేడా ధర చాలాసార్లు చేతి నుంచే పడుతుంది. ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చేసినా క్లెయిమ్ వర్తిస్తుంది, 24 గంటలు పడుకోవాలన్న నిబంధన దీనికి లేదు. హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రి ప్రభుత్వానివి. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డబ్బు కట్టలేనివాళ్లకు ఉచితంగా చేస్తారు. శిబిరం బస్సెక్కేముందు ఒకటి కనుక్కోండి: మర్నాడు, వారానికి, నెలకు ఎవరు చూస్తారు, ఎక్కడ? ఆ జవాబు లేని శిబిరానికి వెళ్లకపోవడమే మంచిది.

ఆపరేషన్ తర్వాత నెలన్నర

నిర్ణయంలో ఇదీ భాగమే, ఎందుకంటే చుక్కలు వేసే మనిషి ఇంట్లో లేనప్పుడు తేదీ పెట్టుకోకూడదు. స్టెరాయిడ్ చుక్కలు ఎక్కువ చోట్ల రోజుకు ఆరుసార్లతో మొదలై వారానికి ఒకటి చొప్పున తగ్గుతాయి. మీ చీటీలో ఎలా ఉంటే అలా. చేతులు సబ్బుతో కడుక్కుని, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, కింది రెప్పను మెల్లగా కిందికి లాగితే చిన్న సంచిలా ఏర్పడుతుంది. అందులో ఒక్క చుక్క, సీసా మూతి రెప్పకు తగలకుండా. పై రెప్పను ముట్టుకోవద్దు, కనుగుడ్డు మీద ఒత్తిడి పడకూడదు. కళ్లు మూసి ఒక నిమిషం ఉండనివ్వాలి. రెండు రకాల చుక్కల మధ్య 5 నిమిషాలు. పాలలా తెల్లగా ఉండే మందైతే ప్రతిసారీ సీసా ఊపాలి, లేకపోతే మందంతా అడుగునే ఉండి మొదటి రోజుల్లో నీళ్లే పడతాయి. నెలన్నర అయ్యాక మిగిలిన స్టెరాయిడ్ సీసాను పారేయండి. కళ్లు దురదపెట్టినప్పుడల్లా దాన్నే వేసుకుని నీటికాసులు తెచ్చుకున్నవాళ్లున్నారు.

రాత్రి ప్లాస్టిక్ కవచం వారం పాటు. కంట్లో పచ్చినీళ్లు పడకుండా గడ్డం కింది నుంచి స్నానం, తలస్నానం డాక్టర్ చెప్పాకే. కట్టెల పొయ్యి, ధాన్యం తూర్పారబట్టే దుమ్ము, బిందె ఎత్తడం కొన్ని వారాలు వద్దు. వంకాయ, గోంగూర, పులుపు మానాలన్న పథ్యానికి కంటితో సంబంధం లేదు. అన్నీ తినవచ్చు. అసలే షుగర్ ఉన్న మనిషిని పథ్యం పేరుతో బ్రెడ్డూ పాలతో ఉంచడమే తప్పు.

నలుసు పడ్డట్టు గరగర, కాస్త నీరు కారడం మొదటి రోజుల్లో మామూలే. రోజురోజుకూ తగ్గాలి. మర్నాడు బాగా కనిపించి, రెండో రోజు నుంచి వారం లోపు నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గుతుంటే కంటి లోపల ఇన్ఫెక్షన్ అయి ఉండవచ్చు. ఇది అరుదు, సుమారు వెయ్యి మందిలో ఒకరికి లేదా అంతకన్నా తక్కువ, కానీ గంటలు లెక్కపెట్టాల్సిన జబ్బు. తెల్లారనిద్దాం అనుకోవద్దు, మెడికల్ షాపు చుక్కలు వద్దు, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఆ పూటే బయల్దేరాలి. మెరుపులు, ఒక్కసారిగా ఈగలు ఎగిరినట్టు నల్లచుక్కలు, పక్కన తెర కూడా అంతే తొందర. మైనస్ పవర్ ఎక్కువ ఉన్నవాళ్లలో ఈ ముప్పు కొంచెం ఎక్కువ, తర్వాతి ఏళ్లలో కూడా.

కొత్త అద్దాలు నాలుగు నుంచి ఆరు వారాల తర్వాతే కొలిపించుకోండి. ముందే చేయిస్తే పవర్ మారి, రెండు జతల డబ్బు దండగ.

రెండో కన్ను ఎప్పుడన్నది కూడా అదే కాగితం చెబుతుంది, ఒక్క మినహాయింపుతో. మైనస్ 6, 8 ఉన్న మనిషికి ఒక కన్ను సున్నాకు వచ్చి రెండోది పాతగానే ఉంటే రెండు కళ్ల బొమ్మలూ కలవవు. మెట్లు ఎక్కడున్నాయో తెలియక తూలుతారు. వీళ్లకు మొదటి కన్ను కుదుటపడగానే, కొన్ని వారాల్లోనే, రెండోదీ చేయించాలి.

లెన్స్ పెట్టెలోంచి తీసిన స్టిక్కర్, దానిమీది పవర్, సీరియల్ నంబరుతో సహా మీకు ఇవ్వాలి. ఆధార్ కార్డు పెట్టే చోటే దాచండి. కొన్ని నెలలకో ఏళ్లకో ఆ కంటికి మళ్లీ మసక వస్తే "శుక్లం తిరిగొచ్చింది" అని కంగారు పడనక్కర్లేదు. తీసేసిన కటకం మళ్లీ పెరగదు. లెన్స్ వెనకున్న పలుచని పొర మందమై ఉంటుంది. దానికి యాగ్ లేజర్‌తో, ఈసారి నిజంగా లేజరే, ఐదు నిమిషాల్లో చిన్న రంధ్రం చేస్తారు. కోత లేదు, కట్టు లేదు.